చేప కార్జం ముందే చెబుతుంది

అందరికీ నమస్కారం. మార్కెట్లో శీలావతి కోయించుకునేటప్పుడు మీరు చూసే ఉంటారు, కత్తిపీట ముందు కూర్చున్నామె పొట్ట చీల్చి ఆ ఆకుపచ్చ చేదు తిత్తి పగలకుండా ఎంత జాగ్రత్తగా తీస్తుందో, ఆ తిత్తిని అంటుకుని మెత్తగా ఎర్రగా ఉంటుందే అదే కార్జం, పేగులతో పాటు అవతల పడేస్తారు. ఇవాళ నేను మాట్లాడేదంతా దాని గురించే. చేపలు తెల్లారేసరికి వెల్లకిలా తేలితే గానీ మనకి కాలుష్యం గుర్తురాదు, కార్జానికి మాత్రం ఆ సంగతి చాలా ముందే తెలిసిపోతుంది.

మేతతో పాటు లోపలికి పోయిన పురుగుమందు గానీ కాడ్మియం లాంటి విషపు లోహం గానీ పేగుల్లోంచి రక్తంలో కలిసి ముందుగా చేరేది కార్జానికే, అది ఆ విషాన్ని మార్చి పైత్యంతో, అంటే ఆ తిత్తిలోని చేదు రసంతో, బయటికి తోసేయాలని చూస్తుంది. ఇక్కడే ఎన్నిసార్లు చెప్పినా నాకు బాధేసే విషయం ఒకటుంది. కలప పుచ్చకుండా పట్టించే తారు లాంటి క్రియోసోట్‌లో బెంజోపైరీన్ అనే విషం ఉంటుంది, అది ఉన్నదున్నట్టుగా డీఎన్ఏకి పెద్దగా అతుక్కోదు, దాన్ని వదిలించుకుందామని కార్జం ఎంజైములు మారుస్తాయి కదా, ఆ మారిన రూపమే పోయి డీఎన్ఏకి అతుక్కుని చివరికి కేన్సర్ గడ్డలకి దారితీస్తుంది. అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రంలోని ఈగిల్ హార్బర్‌లో అడుగు బురదంతా ఇదే పేరుకుపోయింది, ఆ బురద మీదే బతికే ఇంగ్లిష్ సోల్ చేపల కార్జాల్లో గడ్డలు కనబడ్డాయి. 1993-94లో ఆ బురద మీద శుభ్రమైన ఇసుక మట్టి కప్పేశారు, తర్వాతి ఏళ్ళలో కార్జం జబ్బులు బాగా తగ్గిపోయాయి. అంటే విషం రావడం ఆగితే చేపలు కోలుకుంటాయండీ!

రేడియేషన్ దారి వేరు. 1986లో చెర్నోబిల్ అణువిద్యుత్ కేంద్రం పేలినప్పుడు పక్కనున్న కూలింగ్ చెరువులో సీజియం-137 అనే రేడియోధార్మిక పదార్థం పడింది, అది సగం అవడానికే 30 ఏళ్ళు, పైగా పొటాషియంలా నటించి కండలో చేరుతుంది. రేడియేషన్ కణంలోని నీటినే చీల్చి ఫ్రీ రాడికల్స్ అనే చురుకైన అణువుల్ని పుట్టిస్తుంది, అవి కణం పొరల్లోని కొవ్వుని పాడుచేస్తాయి. వీటిని ఆపేది కార్జంలో ఉండే గ్లుటాథయోన్ అనే రక్షణ పదార్థం, కాడ్మియాన్ని పట్టుకోడానికి ఖర్చయ్యేదీ అదే, కాబట్టి రెండూ కలిసొస్తే కార్జం దగ్గర నిల్వ ఎంతసేపుంటుంది చెప్పండి.

ఇప్పుడు స్లైడ్ చూడండి. ఆరోగ్యంగా ఉన్న కార్జం కణంలో గుండ్రటి కేంద్రకం నడిమధ్యలో ఊదారంగులో ఉంది, పక్క స్లైడ్‌లో కొవ్వు బుడగలు దాన్ని ఒక మూలకి నెట్టేశాయి, కొన్ని కేంద్రకాలైతే ముడుచుకుపోయి నల్లటి చుక్కల్లా మిగిలాయి. కానీ తొందరపడకండి, మేత ఎక్కువేసిన చెరువు చేపకీ కార్జంలో కొవ్వు పడుతుంది, అందుకే కాలుష్యం లేని నీటిలోని చేపతో పోల్చకుండా ఎవరి మీదా నింద వేయకూడదు. ఇంకోటి, చచ్చి గంటలైన చేప మనకి పనికిరాదు, కార్జం తనంతట తనే కుళ్ళి అచ్చం విషం తిన్నట్టే కనిపిస్తుంది, అందుకే బ్రతికున్న చేపల్ని తెప్పించాను, ముక్క చెడిపోకుండా ఉంచే ఫార్మలిన్ సీసాలు మీ బల్లల మీదే ఉన్నాయి, కోసిన వెంటనే ముక్క అందులో వేసేయండి.