పొద్దున ఉరుకుడు, సాయంత్రం ఆకలి

అందరికీ నమస్కారం. మన నల్గొండ ఎన్జీ కాలేజీ గ్రౌండులో పొద్దున్నే రెండు రకాల మనుషులు కనిపిస్తారు. బరువు తగ్గాలని నడిచే పెద్దలు, కానిస్టేబుల్ ఈవెంట్స్ కోసం ఉరికే పిల్లలు. ఇద్దరూ నన్ను అడిగేది ఒకటే, "ఆకలి ఆగుతలేదు సార్, ఏం చెయ్యాలె?"

ముందు పెద్దల సంగతి. 70 కిలోల మనిషి నాలుగు కిలోమీటర్లు నడిస్తే ఖర్చయ్యేది సుమారు 200 కేలరీలు. బయట టిఫిన్ బండి దగ్గర ఆలుగడ్డ కూర పెట్టిన మసాలా దోశ ఒక్కటి తింటే ఆ లెక్క దాటిపోతుంది. పైన చాయ్ ఉండనే ఉంది. నేనూ ఆ బండి దగ్గర నిలబడ్డవాణ్ణే. ఆరు నెలలు నడిచి రెండు కిలోలు పెరిగాను!

పిల్లలూ, మీరు మాత్రం తినాల్సిందే. గట్టిగా ఉరికిన వెంటనే ఆకలి తెలియదు. ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోన్ కాసేపు తగ్గుతుంది. అందుకే చాయ్ బిస్కెట్‌తో సరిపెట్టి కోచింగ్‌కు పోతారు. పొద్దున ఎగ్గొట్టిన బాకీని ఒళ్ళు సాయంత్రం మిర్చి బజ్జీల బండి దగ్గర వసూలు చేస్తుంది.

ఉరికిన గంటలోపు తినండి. పౌడర్ డబ్బాలు కొననక్కర్లేదు. రెండు ఉడికిన గుడ్లలో 12 గ్రాముల ప్రొటీన్ ఉంటుంది. గుడ్డు తిననివాళ్ళకు శనగ గుడాలు, బబ్బెర గుడాలు. జొన్నరొట్టె, పప్పు, పెరుగు దొరికితే ఇంకేం కావాలి? ప్రొటీన్, పీచు ఉన్న తిండి తింటే తొందరగా ఆకలి కాదు. మన జిల్లా బత్తాయిలకు పేరు కదా, రసం తీయించకుండా తొనలు ఒలుచుకుని తినండి. పల్లీలు మాత్రం పిడికెడే. 30 గ్రాముల్లోనే 170 కేలరీలు ఉంటాయి. పాలమూరు నుంచి వచ్చిన పిల్లలకు ఈ మాట నచ్చదని తెలుసు, వాళ్ళ జేబులో ఎప్పుడూ పల్లీలే.

రాత్రి పన్నెండు దాకా ఫోన్ చూసి నాలుగున్నరకు లేచేవాళ్ళకు ఎంత తిన్నా ఇంకా తినాలనే ఉంటుంది. ముందు నిద్ర సరిచేసుకోండి.

షుగర్ మందులు వాడే పెద్దలకు ఒక్క మాట. నడుస్తుంటే వణుకు, చెమటతో ఉన్నట్టుండి ఆకలి వేస్తే షుగర్ పడిపోతోందేమో. వెంటనే ఆగి చక్కెర నోట్లో వేసుకోండి, తర్వాత డాక్టర్‌కు చెప్పండి. రేపటి నుంచి చిన్న చక్కెర పొట్లం జేబులో పెట్టుకునే గ్రౌండుకు రండి.

ఇక మీరు అడగండి.