ట్రస్ పైకి లేవకముందే

అందరికీ నమస్కారం. ఇక్కడున్నవాళ్ళలో చాలామంది సంగీత్‌లకీ, ఆర్కెస్ట్రాలకీ, నాటకాలకీ లైటింగ్ చేసేవాళ్ళే. షార్పీ లాంటి కదిలే లైటు ఎలా బిగించాలో మీకు నేను చెప్పక్కర్లేదు. లైట్లని నడిపే బోర్డుకీ లైటుకీ మధ్య వైరులో ఏం జరుగుతుందో అది మాత్రం చెప్తాను. షో మొదలయ్యే వేళకి మనకి టెన్షన్ పెట్టేవి చాలావరకు అక్కడివే.

ఒకప్పుడు ఒక కంపెనీ బోర్డు, వెలుగు పెంచి తగ్గించే ఇంకో కంపెనీ డిమ్మరుకి పనికొచ్చేది కాదు. ఆ తలనొప్పి పోవాలని 1986లో అమెరికాలో యూఎస్ఐటీటీ అనే రంగస్థల సాంకేతిక సంస్థ బోర్డు నుంచి ఆజ్ఞలు పంపే డీఎంఎక్స్ 512 అనే పద్ధతి తెచ్చింది. డిమ్మర్ల కోసం పుట్టిన ఆ పద్ధతి మీదే ఇవాళ తల తిప్పే మన మూవింగ్ హెడ్ లైట్లన్నీ తిరుగుతున్నాయి.

అది ఊళ్ళో దండోరా లాంటిది. బోర్డు 512 అంకెలు వరసపెట్టి చాటుతుంది, ఒక్కోటి 0 నుంచి 255 దాకా. వరసలో ఒక్కో అంకె చోటునీ ఛానెల్ అంటాం. మొత్తం 512 పంపినా సెకనుకి 44 సార్ల దాకా చాటగలదు. ఎవరికి కావలసింది వాళ్ళు ఏరుకోవాలి. విన్నారో లేదో చాటినవాడికి తెలీదు. రెండువైపులా మాట్లాడే ఆర్‌డీఎం అనే పద్ధతి ఉన్న లైట్లయితే తిరిగి జవాబిస్తాయి, కానీ మనకి అద్దెకొచ్చే సరుకులో అది ఉంటుందని నమ్ముకోకండి.

అందుకే అడ్రస్ ముఖ్యం, అంటే లైటు ఏ ఛానెల్ నుంచి వినాలో ఆ నంబరు. పదహారు ఛానెళ్ళ లైట్లయితే మొదటిది 1, రెండోది 17, మూడోది 33. అలా ముప్ఫైరెండు లైట్లకి ఒక యూనివర్స్, అంటే ఆ 512 ఛానెళ్ళ వరస, నిండిపోతుంది. అడ్రస్ పెట్టడానికి చిన్న డిప్ స్విచ్‌లున్న పాత లైట్లలో స్విచ్‌ల విలువలు 1, 2, 4, 8, 16 అంటూ 256 దాకా రెట్టింపవుతాయి. 17 కావాలంటే ఒకటో స్విచ్, అయిదో స్విచ్ ఆన్ చేస్తే సరి.

అడ్రస్ కంటే ఎక్కువ ఏడిపించేది మోడ్, అంటే లైటు ఎన్ని ఛానెళ్ళు వినాలో ఆ సెట్టింగు. బోర్డులో లైటుకి పదహారు ఛానెళ్ళు అని ప్యాచ్ చేసి, అంటే నమోదు చేసి, లైటు మెనూలో ఇరవై ఛానెళ్ళ మోడ్ వదిలేశారనుకోండి. మొదటి లైటు 1 నుంచి 20 దాకా వింటుంది. 17 నుంచి రెండోదాని వాటా. రెండోదాన్ని కదిపితే మొదటిది ఉలిక్కిపడుతుంది. కుర్రాళ్ళు వెంటనే "లైటు పోయిందన్నా" అంటారు. లైటుకేం కాలేదు, మెనూ చూడండి.

లైటు తలని పక్కకి తిప్పే పాన్‌కి రెండు ఛానెళ్ళెందుకని కొందరు అడుగుతారు. 540 డిగ్రీలు తిరిగే తలని 256 మెట్లలో తిప్పితే ఒక్కో మెట్టు రెండు డిగ్రీల పైనే. పది మీటర్ల దూరంలో అది అడుగు పైన జరగడం. పాటకత్తె ముఖం మీద ఉండాల్సిన వెలుగు తబలా మీద పడుతుంది. ఫైన్ అనే ఆ రెండో ఛానెల్ కలిస్తే 65,536 మెట్లు, కదలిక నున్నగా వస్తుంది. ఛానెళ్ళు మిగుల్చుకుందామని దాన్ని తీసేయడం నా దృష్టిలో పిసినారితనం.

ఇక కేబుల్. రూలు ప్రకారం అయిదు పిన్నుల కనెక్టరు. మన దగ్గర మూడు పిన్నులదే రాజ్యం, అందుకే సౌండువాళ్ళ మైకు వైరు మన పెట్టెలోకి వచ్చేస్తుంది. చిన్న లైనులో అదీ పనిచేస్తుంది, అదే చిక్కు. పొడుగు లైనులో, లైట్లు పెరిగాక, చివరి లైట్లు వణకడం మొదలెడతాయి. 120 ఓమ్‌ల డేటా కేబుల్ వేరే రంగు టేపు చుట్టి దాచుకోండి. ఒక లైటు నుంచి ఇంకో లైటుకి గొలుసుగా వెళ్ళాలి, ఎక్కడా వై కేబుల్‌తో చీల్చకూడదు. చీల్చాల్సొస్తే సిగ్నల్‌ని వేరే లైన్లకి పంచే స్ప్లిట్టరు పెట్టండి. ఒక లైను మీద ముప్ఫైరెండుకి మించొద్దు.

చివరి లైటు అవుట్‌లో లైనుని ముగించే టెర్మినేటరు: 2, 3 పిన్నుల మధ్య 120 ఓమ్‌ల రెసిస్టరు, అంతే. లైట్లు ఆఫ్‌లో ఉండగా బోర్డు వైపు వైరు ఊడదీసి ఆ రెండు పిన్నుల మీద మీటరు పెడితే 120కి కాస్త అటూ ఇటూ చూపాలి. ఏమీ చూపకపోతే దారిలో ఎక్కడో తెగింది. ఈ పరీక్షలన్నీ ట్రస్, అంటే లైట్లు వేలాడదీసే చట్రం, నేల మీద ఉండగానే చెయ్యాలి. పైకెత్తాక నిచ్చెన మీద మెనూ నొక్కడం ఎంత నరకమో మీకే తెలుసు.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తాను. డీఎంఎక్స్‌లో తప్పుడు అంకె వస్తే పట్టుకునే ఏర్పాటు లేదు. లైటు ఒక్క క్షణం మిణుకుమంటే నష్టం లేదు. బాణసంచా, మనిషి తల మీదుగా కదిలే మోటార్లు దీనికి తగిలించకండి, క్లయింటు ఎంత బతిమాలినా సరే.

ఆ టేబుల్ మీద డిప్ స్విచ్‌ల పార్ లైట్లు నాలుగు, ఒక మీటరు, తెగిన కేబుల్ ఒకటి పెట్టాం. ఎక్కడ తెగిందో నేను చెప్పను, ముందుకొచ్చి మీరే పట్టుకోండి.