పాప ఏ గ్రూపు తీసుకుంది? డాలస్‌లో మా ఇంట్లో నెల రోజుల చర్చ

అందరికీ నమస్తే అండీ. ఇవాళ్టి వీడియో మా అక్క కోసం. తెనాలి నుంచి నెల రోజులుగా ఒకటే ప్రశ్న: "పాపకి పది అయిపోవస్తోంది కదే, ఏ గ్రూపులో వేస్తున్నారు?" ఫోన్లో రెండుసార్లు చెప్పబోయాను. సగంలోనే "సరేలే, ఎంపీసీయా బైపీసీయా, ఒక్క ముక్క చెప్పు" అంటుంది. ఒక్క ముక్కలో తేలేది కాదక్కా. అందుకే మొన్న మంగళవారం సాయంత్రం మా అమ్మాయి స్కూల్లో తల్లిదండ్రుల మీటింగు ఉంటే ఫోను పట్టుకుని వెళ్ళాను. పిల్లల్ని, వేరేవాళ్ళని తియ్యకూడదు కాబట్టి మీకు కనిపించేవి గోడలు, బల్లలు, పార్కింగులో మా కారు. మాట మాత్రం నాదే, కాస్త ఓపిగ్గా వినండి.

అసలు ఆ రోజు సున్నుండలు చేసి చూపిస్తానన్నాను కదా. పొద్దున్నే మినప్పప్పు మూకుట్లో వేసి సన్న సెగ మీద వేయిస్తున్నాను. కమ్మటి వాసన మొదలైందో లేదో, హాల్లో పొగ అలారం మోగింది. ఇక్కడ ప్రతి ఇంట్లోనూ పైకప్పుకి ఇది ఉండి తీరాలి, కాస్త పొగ తగిలితే చాలు, చెవులు చిల్లులు పడేలా అరుస్తుంది. బయట చూస్తే ఎముకలు కొరికే చలి. కిటికీలన్నీ బార్లా తీసి, తువ్వాలుతో విసిరి విసిరి దాన్ని ఆపేసరికి ఇటు పప్పు అడుగంటింది. మా అమ్మ పెరట్లో కట్టెల పొయ్యి మీద పండక్కి సరిపడా మినుములు వేయించేది, ఆ వాసనకి వీధి చివరి నుంచి పరిగెత్తుకొచ్చేవాళ్ళం. సరే, సున్నుండల సంగతి తర్వాత చెప్తా.

మీటింగు ఆరున్నరకి, పిల్లలు భోజనం చేసే హాల్లో. మావారికి ఆఫీసు కాల్ ఉండి రాలేకపోయారు. మా అమ్మాయేమో స్నేహితులతో వేరే బల్ల దగ్గర కూర్చుంది. చుట్టూ అందరూ జంటలుగా వచ్చారు, నేనొక్కదాన్నే ఆ పొడుగాటి బల్ల చివర. మన ఊళ్ళో పిల్ల పది పాసయ్యిందంటే బాబాయి ఒకటి చెబుతాడు, పక్కింటి లెక్చరర్ గారు ఇంకోటి చెబుతారు, ట్యూషన్ మాస్టారు ఇంటికొచ్చి మరీ చెబుతారు. అప్పట్లో అంతమంది సలహాలకి విసుగొచ్చేది. ఆ బల్ల దగ్గర కూర్చున్నప్పుడు మాత్రం వాళ్ళలో ఒక్కరు పక్కన ఉన్నా బాగుండును అనిపించింది.

ఇక విషయానికొస్తాను. ఇక్కడ హైస్కూలంటే 9 నుంచి 12 దాకా. మన ఇంటర్ రెండేళ్ళు కూడా అందులోనే కలిసిపోయాయి. గ్రూపులు లేవు. ఇంగ్లీషు, లెక్కలు, సైన్సు, సోషలు ఎలాగూ చదవాలి, మిగతావి పిల్ల ఇష్టం. ఫిజిక్సు చదివే పిల్లే పక్క గంటలో వయోలా (వయొలిన్ కన్నా కాస్త పెద్ద వాయిద్యం) వాయించవచ్చు. పైగా ఏ సబ్జెక్టు ఎంత లోతుగా చదవాలో కూడా ఎంచుకోవచ్చు: అదే లెక్కలు మామూలుగా చదవొచ్చు, కాలేజీ స్థాయిలోనూ చదవొచ్చు. ఆ కాలేజీ స్థాయికి మా స్కూల్లో మూడు దారులున్నాయి. గొడవంతా ఆ మూడింటి దగ్గరే.

ఒకటి ఏపీ. అంటే అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్. అక్కకి ఏపీ అని చెప్పగానే "అక్కడ కూడా మన సిలబస్సేనా!" అని ఎంత సంబరపడిందో. మన రాష్ట్రం కాదక్కా. కాలేజ్ బోర్డ్ అనే సంస్థ 1955 నుంచి దీన్ని నడుపుతోంది. 40 దాకా సబ్జెక్టులున్నాయి, ఒకటి తీసుకోవచ్చు, పది తీసుకోవచ్చు. ఏడాదంతా క్లాసు, మే నెలలో పరీక్ష, స్కోరు 1 నుంచి 5 దాకా. పరీక్షకి 99 డాలర్లు. డాలరు 90 రూపాయలు వేసుకుంటే 8,900 పైన. ఒక్క పేపరుకే! ఇంటర్ పరీక్ష ఫీజు మొత్తం వందల్లో కట్టిన మనకి గుండె గుభేలుమంటుంది. కానీ టెక్సాస్ చట్టం ప్రకారం ఇక్కడి ప్రభుత్వ యూనివర్సిటీలు మామూలుగా 3 వస్తే చాలు కాలేజీ క్రెడిట్ ఇవ్వాలి, అంటే ఆ కోర్సు కాలేజీలో చదివేసినట్టే లెక్క; కొన్ని సబ్జెక్టులకి మాత్రం 4, 5 అడుగుతాయి. అదే కోర్సు కాలేజీలో చేరాక డబ్బు కట్టి చదివితే వెయ్యి డాలర్లు దాటుతుంది. లక్ష రూపాయలు పోయే చోట తొమ్మిది వేలతో బయటపడుతున్నామన్నమాట.

రెండోది ఐబీ, అంటే ఇంటర్నేషనల్ బాకలారియేట్, డిప్లొమా. ఈ పేరు వినగానే నా మనసు అటే లాగింది, దాచడం ఎందుకు. హైదరాబాద్‌లో ఐబీ స్కూలంటే ఏడాదికి లక్షలు. ఇక్కడ అదే చదువు మా వీధి పిల్లలందరూ వెళ్ళే ప్రభుత్వ బళ్ళో, నెల ఫీజు అన్న మాటే లేకుండా. అలాగని ఊరికే వస్తోందనుకోకండి, ఇంటి పన్ను మేం ఏడాదికి తొమ్మిది వేల డాలర్లు కడుతున్నాం, ఎనిమిది లక్షల పైమాటే. అందులో ఎక్కువ భాగం బళ్ళకే పోతుంది. 1968లో జెనీవాలో మొదలైన చదువిది. 11, 12 తరగతులు రెండేళ్ళూ కలిపి ఒకే కట్ట: ఆరు సబ్జెక్టులు, ఒక్కోదానికి 7 పాయింట్లు, పైన ఇంకో 3, మొత్తం 45. డిప్లొమా రావాలంటే కనీసం 24 రావాలి. ఆ 3 పాయింట్ల కోసం 4,000 మాటల వ్యాసం సొంతంగా పరిశోధించి రాయాలి. "మనకు తెలుసు అనుకుంటున్నది ఎలా తెలుసు?" అని ఆలోచింపజేసే క్లాసు ఒకటుంది. ఇవి కాక సేవా కార్యక్రమాలు, ఆటలు కూడా తప్పనిసరి. ప్రతి సబ్జెక్టులో 4కి తగ్గకుండా డిప్లొమా తెచ్చుకుంటే టెక్సాస్ ప్రభుత్వ యూనివర్సిటీలు 24 క్రెడిట్లు ఇవ్వాలి, అంటే డిగ్రీలో దాదాపు ఒక ఏడాది. ఈ ముక్క వినగానే నేను ఫోన్లో "ఐబీ, ఐబీ, ఐబీ" అని మూడుసార్లు టైపు చేసుకున్నాను.

మూడోది డ్యూయల్ క్రెడిట్. హైస్కూల్లో ఉండగానే దగ్గర్లోని కమ్యూనిటీ కాలేజీ (రెండేళ్ళ కోర్సులుండే ప్రభుత్వ కాలేజీ) కోర్సు చదవడం. ఖర్చు తక్కువ, మే నెల పరీక్ష భయం లేదు, పాసైతే క్రెడిట్ చేతికొచ్చినట్టే. కానీ ఆ మార్కులు కాలేజీ రికార్డులో జీవితాంతం ఉంటాయి. పదహారేళ్ళ పిల్ల ఒక సెమిస్టర్ జ్వరంతో తడబడితే ఆ గ్రేడు రేపు మాస్టర్స్‌కి అప్లై చేసినప్పుడు కూడా చూపించాల్సిందే. ఇంకో సంగతి, మాకు తెలిసిన వాళ్ళబ్బాయి ఇలా చాలా కోర్సులు చదివి వేరే రాష్ట్రంలో ఒక ప్రైవేటు యూనివర్సిటీకి వెళ్తే, హైస్కూలు పాసవడానికి వాడుకున్న కోర్సులకి మేం క్రెడిట్ ఇవ్వం అన్నారట. వాళ్ళమ్మ చెబుతూ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఎక్కడ చదవాలనుకుంటున్నారో ముందే చూసుకోండి, తర్వాత ఎవర్ని అడిగినా లాభం లేదు.

మన వాళ్ళకి అన్నిటికన్నా వింతగా ఉండేది ఇంకొకటుంది. మనకి పరీక్ష ముందు, సీటు తర్వాత. ఇంటర్ రాయాలి, ఎంసెట్ (ఇప్పుడు ఈఏపీసెట్ అంటున్నారు) రాయాలి, ర్యాంకు రావాలి, అప్పుడు కౌన్సెలింగ్. ఇక్కడ 12వ తరగతి మొదలవుతూనే కాలేజీలకి అప్లికేషన్లు పెట్టేస్తారు, ఆఖరి ఏడాది ఏపీ, ఐబీ మార్కులు వచ్చేది జులైలో. అప్పటికి సీటు ఎప్పుడో వచ్చేసి ఉంటుంది! అందుకే కాలేజీవాళ్ళ చేతిలో గట్టిగా కనిపించేది 11వ తరగతే. ఆ 11లో ఏమేం చదవాలో ఎంచుకుని ఇప్పుడు నింపే ఫారం అందుకే అంత ముఖ్యం.

ర్యాంకు లేదనుకునేరు, ఉంది. 1997లో టెక్సాస్ ఒక చట్టం చేసింది: ప్రతి హైస్కూల్లో పై 10 శాతం పిల్లలకి రాష్ట్ర ప్రభుత్వ యూనివర్సిటీల్లో నేరుగా సీటు. ఆస్టిన్‌లోని టెక్సాస్ యూనివర్సిటీకి మాత్రం గిరాకీ ఎక్కువై, 2026లో చేరేవాళ్ళ నుంచి దాన్ని 6 శాతం నుంచి 5కి తగ్గించారు. మా అమ్మాయి తరగతిలో సెక్షన్లన్నీ కలిపి 700 మంది. 5 శాతమంటే 35 మంది. అందులో ఉన్నా యూనివర్సిటీలో సీటు ఖాయం గానీ, కంప్యూటర్ సైన్సులో ఖాయం కాదు. ఏపీ, ఐబీ క్లాసుల గ్రేడుకి ఎక్కువ బరువు వేస్తారు కాబట్టి మన వాళ్ళ ఇళ్ళల్లో "మీ వాడు ఎన్ని ఏపీలు?" అన్నదే పలకరింపైపోయింది. పన్నెండు ఏపీలు తీసుకుని రాత్రి రెండింటి దాకా మేలుకునే పిల్లల్ని చూశాను. కళ్ళ కింద నల్లటి చారలు. అది నాకు నచ్చదు, ఎవరేమనుకున్నా సరే.

మీటింగు చివర్లో ఒక్కో కుటుంబం స్కూలు కౌన్సెలర్ని, అంటే కోర్సులు ఎంచుకోవడంలో సాయం చేసే ఆవిణ్ణి, కలవాలి. ఆవిడ లేచి ముందు మా అమ్మాయికి షేక్‌హ్యాండ్ ఇచ్చింది, తర్వాత నాకు. కూర్చున్నాక కూడా నన్నేమీ అడగలేదు. కుర్చీ దాని వైపు తిప్పుకుని "నీకేం చదవాలనుంది?" అంది. నా నోటి దాకా వచ్చిన ఐబీ అన్న మాట అక్కడే ఆగిపోయింది.

1999లో నాన్న నన్ను సైకిలు వెనక కూర్చోబెట్టుకుని జూనియర్ కాలేజీకి తీసుకెళ్ళారు. ఫారంలో ఎంపీసీ అని రాసి సంతకం పెట్టారు. అంతకుముందు పదో తరగతి రికార్డులో నేను వేసిన మందార పువ్వు నిలువుకోత బొమ్మ, కేసరాల గొట్టం కూడా విడిగా కనిపించేలా గీశానని మా టీచరు క్లాసంతా తిప్పి చూపించారు. నాకు బాటనీ అంటే ప్రాణం. నాన్నకి ఆ సంగతి తెలుసో లేదో నాకిప్పటికీ తెలీదు. ఆయన్ని తప్పు పట్టను, ఆ ఎంపీసీయే నన్ను ఇక్కడిదాకా తీసుకొచ్చింది.

ఎనిమిదిన్నరకి పార్కింగులోకి వచ్చేసరికి అక్కడ పొద్దున్న ఎనిమిది. నాన్న కాఫీ తాగి పేపరు చదివే వేళ. కారులోంచే ఫోన్ చేసి మొత్తం చెప్పాను: ఏపీ, ఐబీ, 24 క్రెడిట్లు, 35 మంది, అన్నీ. ఆయన చివరిదాకా విని, "ఇంతకీ పాప ఏమంటోందమ్మా?" అన్నారు. నేను "లైను సరిగ్గా లేదు నాన్నా, ఇంటికెళ్ళి చేస్తా" అని పెట్టేశాను. లైను బాగానే ఉంది.

ఇంటికొచ్చాక భోజనాల బల్ల మీద మా అమ్మాయి ఒక కాగితం తీసి పెన్సిల్‌తో ఏడు గళ్ళు గీసింది. రోజుకి ఏడు పీరియడ్లు. మొదట ఐబీ వేసి చూపించింది: ఆరు సబ్జెక్టులు, ఒకటి ఆ ఆలోచన క్లాసు. ఏడు గళ్ళూ నిండిపోయాయి. "అమ్మా, కంప్యూటర్ సైన్సుని ఐబీలో ఎలాగో ఇరికించవచ్చు. ఆర్కెస్ట్రాకి మాత్రం గడి లేదు" అంది. ఆరో తరగతి నుంచి వయోలా వాయిస్తోంది అది. ఎడమ మెడ మీద, దవడ కింద, ఆ చెక్క ఆనే చోట చిన్న ఎర్రటి మచ్చ ఉంటుంది. రోజూ జడ వేస్తూ చూసే మచ్చే.

"మరి ఆ 4,000 మాటల వ్యాసం? అది నాకు బాగా నచ్చిందే" అన్నాను. అప్పుడు చెప్పింది, ఏపీలోనే సెమినార్, రీసెర్చ్ అని రెండు కోర్సులున్నాయట. మొదటిది 11లో, రెండోది 12లో. ఆ రెండో ఏడాది 4,000 నుంచి 5,000 మాటల పరిశోధన పత్రం రాయాలట. ఇవన్నీ ఎప్పుడు చదివావే అంటే, మీటింగుకి రెండు వారాల ముందే అంది. నా పిల్లేనా అని చూస్తూ ఉండిపోయాను.

ఇదిగో అక్కా, మా పాప "గ్రూపు": ఏపీ ఇంగ్లీషు, ఏపీ కాలిక్యులస్, ఏపీ కంప్యూటర్ సైన్స్, ఏపీ సెమినార్, మామూలు ఫిజిక్సు, ఆర్కెస్ట్రా. ఏడో గడిలో డ్యూయల్ క్రెడిట్‌లో అమెరికా చరిత్ర. టెక్సాస్ ప్రభుత్వ యూనివర్సిటీలో ఏ డిగ్రీ చదివినా 6 క్రెడిట్ల అమెరికా చరిత్ర తప్పనిసరి కాబట్టి అది ఎటూ వృథా పోదు. సెమినార్‌ పరీక్షకి ఫీజు కొంచెం ఎక్కువ, నాలుగు పరీక్షలకీ కలిపి దాదాపు 40 వేల రూపాయలు. ఫిజిక్సు కూడా ఏపీ తీసుకోవే అని నేనొకసారి అన్నాను. వద్దంది. రెండోసారి అనలేదు.

ఫారం శుక్రవారం ఇచ్చేశాం. కింద రెండు సంతకాల గీతలున్నాయి, పైన పిల్లది, కింద పేరెంట్‌ది. నాన్నకి మళ్ళీ ఫోన్ చేసి ఆ ఏడు గళ్ళూ వరసగా చదివి వినిపించాను. వయోలా అంటే ఏంటి అని అడిగితే, పాప ఫోను బల్ల మీద పెట్టి వాయించింది. నాన్న ఏమీ మాట్లాడలేదు, వెనకాల అమ్మ "ఇంకోసారి వాయించమనండి" అనడం వినపడింది.

మినప్పప్పు కొత్త ప్యాకెట్టు తెచ్చాను. ఈసారి గరాజ్‌లో పెట్టి వేయిస్తా. సున్నుండలు వచ్చే ఆదివారం, ఉంటానండీ.