మోకాలు మార్పిడి తర్వాత బీపీ పడిపోతే

శ్రోతలకు నమస్కారం. తిరుపతిలో టీటీడీ వారి బర్డ్ ఆసుపత్రి ఉండబట్టి మోకాలు మార్పిడి ఆపరేషన్ మన పల్లెవాళ్లకూ కొత్త కాదు. టెన్షన్ పెట్టేది ఆ మర్నాటి సంగతే.

ఫిజియోథెరపీ చేయించే అమ్మాయి అవ్వను లేపి మంచం అంచున కూర్చోబెడుతుంది. కాసేపటికే అవ్వ ముఖం పాలిపోయి, చెమటలు పట్టి, "కండ్లు తిరగతా ఉండాయి నాయనా" అంటుంది. బీపీ చూస్తే 90/60. "రక్తం ఎక్కించండి సార్, నేనిస్తా" అని కొడుకు చొక్కా చేతులు పైకి మడుస్తాడు.

ఆ ప్రేమకు దండం పెట్టాల్సిందే. కానీ బీపీ తగ్గిన ప్రతిసారీ రక్తం అక్కర్లేదు. వెన్నులో ఇచ్చిన మత్తు రక్తనాళాలను వదులు చేస్తుంది. ఆపరేషన్ కోసం పస్తు ఉండటంతో ఒంట్లో నీరు తగ్గుతుంది. నొప్పి మందులూ, రోజూ వేసుకునే బీపీ మాత్రా దానికి తోడవుతాయి. అందుకే ముందు అవ్వను పడుకోబెడతారు, అవసరమైతే సెలైన్ పెడతారు, నాడి, మూత్రం గమనిస్తారు, హిమోగ్లోబిన్ చూస్తారు.

అది 8 గ్రాముల కన్నా తగ్గితేనే సాధారణంగా రక్తం మాట వస్తుంది. గుండెనొప్పి, ఆయాసం ఉన్నా, సెలైన్ పెట్టినా బీపీ పెరగకపోయినా లెక్క వేరు, అప్పుడు ఆలస్యం పనికిరాదు. ఒక యూనిట్‌తో సుమారు 1 గ్రాము పెరుగుతుంది. పెద్ద వయసు గుండెకు ఎక్కువ ద్రవం భారమై ఆయాసం తెస్తుంది కాబట్టి, ఒకటి ఎక్కించి మళ్లీ పరీక్ష చేస్తారు. కండరాల్లోకి ఊరే రక్తం కట్టు మీద కనబడదు. హిమోగ్లోబిన్ రెండు మూడు రోజులు తగ్గుతూ పోవచ్చు, తర్వాతి పరీక్షలు వద్దనకండి.

అసలు జాగ్రత్త ఆపరేషన్‌కు నెల ముందే మొదలవ్వాలి. హిమోగ్లోబిన్ ఆడవాళ్లకు 12, మగవాళ్లకు 13 కన్నా తక్కువుంటే రక్తహీనతే. రక్తం ఎక్కించాల్సి వచ్చేది ఎక్కువగా ఇలాంటివాళ్లకే. రాగిసంకటి, ఆకుకూర మంచివే గానీ ఆ లోటు నెలలో పూడ్చలేవు. ఐరన్ లోపమని తేలితే మాత్రలో ఇంజెక్షనో డాక్టరు ఇస్తారు. రక్తస్రావం తగ్గించే ట్రానెగ్జామిక్ యాసిడ్ మందు కూడా ఉంది, మీకు సరిపడుతుందేమో అడగండి.

బీపీ మాత్రలు మాత్రం సొంతంగా మానొద్దు. ఆపరేషన్ రోజు కొన్నిటిని ఆపమంటారు, కొన్నిటిని హఠాత్తుగా ఆపితే ప్రమాదం. రక్తం పల్చబడే మాత్రలతో సహా అట్టలన్నీ సంచిలో వేసుకెళ్లి మత్తు డాక్టరు ముందు పెట్టండి. ఆ పొద్దున ఏది వేసుకోవాలో, ఆపింది మళ్లీ ఎప్పుడు మొదలెట్టాలో అడిగి, అట్ట మీదే పెన్నుతో రాయించుకోండి.