దుకాణంలో ఒక ‘జ్యాకుయ్’

శ్రోతలకు నమస్కారం. బెలారుస్ రాజధాని మిన్‌స్క్‌లో ఒక యువతి దుకాణంలో రొట్టె కొని ‘జ్యాకుయ్’ అన్నదనుకుందాం. బెలారుసియన్‌లో అది కృతజ్ఞత చెప్పే మాట. రష్యన్‌లో ‘స్పసీబ’ అని ఉంటే ఎవరూ పట్టించుకోరు. ‘జ్యాకుయ్’ అనేసరికి వెనుక నిలబడ్డవాళ్లు తలెత్తి చూస్తారు. పల్లెటూరి పిల్లా? లేక ప్రభుత్వమంటే గిట్టని మనిషా?

మొదటి అనుమానం సోవియట్ కాలం నాటిది. చదువుకూ ఉద్యోగానికీ రష్యన్ కావాలి. ఫ్యాక్టరీ పనులకు నగరం చేరిన పల్లె జనం రెండు భాషలూ కలిపి మాట్లాడారు. ఆ మాటతీరుకు ‘త్రస్యాంక’ అని పేరు పడింది. ఎండబెట్టిన పచ్చికలో ధాన్యం కోశాక మిగిలిన గడ్డి కలిపి పశువులకు వేసే మేతను అలా అంటారు. తల్లిదండ్రుల మాటను మేతతో పోలిస్తే విన్న బిడ్డకు ఎలా ఉంటుంది?

రెండోది తర్వాత వచ్చింది. 1990లో బెలారుసియన్ ఏకైక అధికార భాష అయింది. 1995లో అధ్యక్షుడు లుకషెంకో జరిపిన రెఫరెండంతో రష్యన్‌కు సమాన హోదా దక్కింది, తెలుపు-ఎరుపు-తెలుపు జెండా స్థానంలో వేరే జెండా వచ్చింది. అప్పటినుంచి భాషా, పాత జెండా రెండూ ప్రభుత్వ వ్యతిరేకుల పక్షానివిగా కనిపించసాగాయి. బెలారుసియన్‌లో బోధించే యాకుబ్ కోలస్ లైసియం అనే ఉన్నత పాఠశాలను 2003లో మూసేస్తే, ఉపాధ్యాయులూ పిల్లలూ అనుమతి లేకుండానే పాఠాలు సాగించారు. ఆ పిల్లల పట్టుదల నన్ను కదిలిస్తుంది.

2009 జనగణనలో సుమారు 53 శాతం మంది బెలారుసియన్ తమ మాతృభాష అన్నారు. ఇంట్లో మాట్లాడేది దాదాపు 23 శాతమే. ఈ తేడాను కపటమనుకోవడం అన్యాయం. నోటికి రాకపోయినా అది తమదేనని చెప్పుకున్నారు వాళ్లు. 2014లో ‘మోవ నానోవ’ అనే ఉచిత తరగతులు మొదలైనప్పుడు, రష్యన్‌లో పెరిగిన యువత అమ్మమ్మల భాషను అక్షరం అక్షరం నేర్చుకుంది.

అలాగని రష్యన్ మాట్లాడేవాళ్లంతా ప్రభుత్వ పక్షమనుకోకూడదు. 2020 అధ్యక్ష ఎన్నికల తర్వాత లుకషెంకోకు వ్యతిరేకంగా సాగిన నిరసనల్లో జనం ఎక్కువగా మాట్లాడుకున్నది రష్యన్‌లోనే. ‘జివె బెలారుస్’, అంటే బెలారుస్ వర్ధిల్లాలి, అన్న నినాదం మాత్రం బెలారుసియన్‌లో మోగింది. మరుసటి ఏడాది ఆ దేశపు సుప్రీంకోర్టు బెలారుసియన్ భాషా సంఘాన్ని రద్దు చేసింది.

ఆ యువతి కోరేది చాలా చిన్నది. తాను ‘జ్యాకుయ్’ అంటే, దుకాణదారు బదులుగా ‘కలీ లాస్క’, అంటే పర్వాలేదు, అని చిల్లర చేతిలో పెట్టి, తర్వాతి మనిషి వైపు తిరగాలి.