మంద కుక్కపిల్ల కోసం మామ దగ్గరికి

నేను: అందరికీ నమస్తే. ఈ ఎపిసోడ్ కల్వకుర్తి దగ్గర, జొన్న కోసేసిన ఒక చేలో రికార్డ్ చేస్తున్నాం. చేను రైతు ఎరువు కోసం మా మామ గొర్రెలతో మంద పెట్టించుకున్నాడు. వెనక వినిపిస్తున్న గంటలు పొట్టేళ్ల మెడల్లోవి. పోయిన నెల మా దొడ్డి మీద ఊరకుక్కల గుంపు పడి నాలుగు గొర్రెపిల్లలను చంపేసింది. అప్పటి నుంచి నాన్నకు కంటి మీద కునుకు లేదు. అందుకే కుక్కపిల్ల కోసం వచ్చాను.

మామ: ఇంతకుముందు ఒకటి తెచ్చారు కదా బిడ్డా?

నేను: తెచ్చాం మామా. ఫోన్‌లో ఫొటో చూసి పట్నంలో ఒకరి దగ్గర కొన్నాం. ఒళ్లంతా బొచ్చు. గొర్రెలను కాచే జాతి అన్నారు. కానీ అది పుట్టి పెరిగింది గదిలో, గొర్రె ముఖమే చూడలేదు. ఎండాకాలమంతా నీళ్ల తొట్టి పక్కన రొప్పుతూ పడుకునేది. ఏడో నెలలో ఆటకని ఒక గొర్రెపిల్లను తరిమి తరిమి కింద పడేసింది. ఆ పిల్ల నా చేతుల్లోనే ప్రాణం విడిచింది.

మామ: అందులో కుక్క తప్పు లేదు. మూడో వారం నుంచి పన్నెండో వారం దాకా కుక్కపిల్ల చుట్టూ ఎవరుంటే వాళ్లనే తనవాళ్లనుకుంటుంది. దానికి గదిలో మనుషులు కనపడ్డారు, మనుషులనే నమ్ముకుంది.

నేను: టర్కీ కంగల్ అయినా, ఇటలీ మరెమ్మా అయినా, హిమాచల్ గద్దీ కుక్క అయినా గొర్రెల మధ్య పెరిగితేనే కాపలాకు పనికొస్తాయి. మరి మీ పిల్లల్లో దేన్ని తీసుకోమంటావు?

మామ: పిల్లల సంగతి తర్వాత. పాడిని చూసి బర్రెను, తల్లిని చూసి పిల్లను అంటారు కదా. అదిగో, తల్లి మంద నడుమ నుంచి వస్తోంది. గొర్రెలను చూడు.

నేను: పడుకున్నవి పడుకున్నట్టే ఉన్నాయి. ఆ ముసలి గొర్రె అయితే నెమరు కూడా ఆపలేదు. కుక్క దాని వీపును రాసుకుంటూ పోయింది.

మామ: అదీ చూడాల్సింది. కుక్క మంచిదో కాదో యజమాని కంటే గొర్రెలు బాగా చెబుతాయి. అది నడిచినప్పుడు మంద చెదిరిందంటే, ఎప్పుడో ఒకసారి తరిమిందన్న మాట. అలాంటి తల్లి పిల్లను ఊరికే ఇచ్చినా తీసుకోవద్దు. ఇంతకీ నువ్వు వచ్చినప్పుడు ఏం చేసింది?

నేను: మొరిగింది. నాకూ మందకూ మధ్య అడ్డంగా నిలబడింది. నువ్వు పిలిచాక మొరగడం ఆపింది గానీ, చూపు మాత్రం నా మీదే.

మామ: అంతే ఉండాలి. మీద పడి కరిచేదీ వద్దు, తోక ముడిచి బండి కిందికి దూరేదీ వద్దు. సరే, తడకలోకి రా. ఇక్కడ ఐదు పిల్లలున్నాయి.

నేను: శ్రోతల కోసం చెబుతున్నాను. తడకలో కుక్కపిల్లలతో పాటు మూడు గొర్రెపిల్లలు, ఒక తల్లి గొర్రె ఉన్నాయి. నల్ల కుక్కపిల్ల ఒకటి తోక పైకెత్తి గొర్రెపిల్ల వెంట పడింది, ఉన్ని పట్టి లాగుతోంది. చురుకైనది! నాకైతే అదే నచ్చింది.

మామ: ఆ చురుకుదనం వేటకు పనికొస్తుంది, మనకు కాదు. ఆ మూల ఉన్న గోధుమ రంగుదాన్ని చూడు. నేలకు నక్కి, కళ్లార్పకుండా గొర్రెపిల్లనే చూస్తోంది. అది కూడా మందకు మంచిది కాదు. బుట్ట వెనక దాక్కున్నది మరీ భయస్తురాలు. కొంచెంసేపు మాట్లాడకుండా కూర్చుందాం.

నేను: రొమ్ము మీద తెల్ల మచ్చ ఉన్న ఆడపిల్ల గొర్రెపిల్ల దగ్గరికి పోయింది... మూతి నాకింది, పక్కనే పడుకుంది. అరె, తల్లి గొర్రె వచ్చి కాలు నేలకేసి కొట్టింది! కుక్కపిల్ల చెవులు వెనక్కి వంచి, రెండడుగులు జరిగి మళ్లీ పడుకుంది. అరవలేదు, పారిపోలేదు.

మామ: అదే నీది.

నేను: ఈ రోజే తీసుకెళ్లనా?

మామ: పుట్టి ఇంకా ఆరు వారాలే. ఎనిమిది నిండాలి. తోబుట్టువులతో కొట్లాడుకుంటేనే ఎంత గట్టిగా కరిస్తే ఎదుటిదానికి నొప్పి పుడుతుందో తెలుస్తుంది. ఆ లోపు కళ్లు, చెవులు, బొడ్డు దగ్గర ఉబ్బు ఉందా, గోమార్లు పట్టాయా, అన్నీ పట్టి చూసుకో. నట్టల మందు ఇప్పటికే రెండుసార్లు తాగించాను. మూడు నెలలకు రేబిస్ టీకా మీ ఊరి పశువుల దవాఖానలో వేయించు. ఇంకొక్కటి చెబుతాను, బావకు కూడా గట్టిగా చెప్పు. చచ్చిన గొర్రె తలకాయ ఎన్నడూ కుక్కకు వేయొద్దు.

నేను: ఎందుకు?

మామ: కొన్ని గొర్రెలు ఒకే పక్కకు గిర్రున తిరిగి పడిపోవడం చూశావు కదా? వాటి మెదడులో నీటితిత్తి ఉంటుంది. కుక్క ఆ మెదడు తింటే దాని పేగుల్లో బద్దెపురుగు పెరుగుతుంది. కుక్క పెంట పడిన గడ్డి మేస్తే, ఆ రోగం మళ్లీ గొర్రెలకే వస్తుంది. కాపలాకు తెచ్చుకున్న కుక్కే మందకు రోగం అంటిస్తుంది. అందుకే దానికి నట్టల మందు మానకూడదు.

నేను: 2017లో మొదలైన ప్రభుత్వ గొర్రెల పంపిణీ పథకంలో మాకు 20 గొర్రెలు, ఒక పొట్టేలు వచ్చాయి. ఈ సంగతి మాకెవరూ చెప్పలేదు మామా. ఇంటికి తీసుకెళ్లాక ఎక్కడ ఉంచాలి?

మామ: వాకిట్లో మాత్రం కాదు. దొడ్డి మూలలో తడక కట్టి, నెమ్మదైన గొర్రెలు రెండింటిని తోడుంచు. పొడిస్తే దూరడానికి దానికొక సందు వదులు. జొన్న గటక, మజ్జిగ అక్కడే పెట్టు, గొర్రెలకు అందకుండా. చిన్నపిల్లలు ఎత్తుకుని తిరగనీయకు. ఐదో నెల నుంచి ఏడాది దాకా ఎంత మంచి కుక్కకైనా తరిమే బుద్ధి పుడుతుంది. అప్పుడు తరమకుండా మెడకు గుదికర్ర కట్టు, ఈనే గొర్రెల దగ్గర ఒంటరిగా వదలకు. రెండేళ్లు నిండితేనే దాని మీద భరోసా పెట్టుకుని నిద్రపోవచ్చు.

నేను: రెండేళ్లా! నాన్న ఈ నెలలోనే కావాలంటున్నాడు.

మామ: అప్పటిదాకా దీని మేనమామను ఇస్తాను, ఆ బూడిదరంగు పోతును. ఐదేళ్లది, తోడేలును ఎదిరించి చెవి పోగొట్టుకుంది. పిల్ల దాని వెంబడే తిరిగి పని నేర్చుకుంటుంది. రెండు వారాల తర్వాత ట్రాలీ తీసుకురా. తల్లి పడుకునే ఈ గొంగడి ముక్క కూడా పట్టుకుపో, మొదటి రెండు రాత్రులు పిల్ల దాని మీదే పడుకుంటుంది.