కొండవాలు నుంచి మొదలుపెడదాం

శ్రోతలకు నమస్కారం. వాతావరణ మార్పుని తట్టుకోవడానికి మన విశాఖ ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో ఇవాళ చెబుతాను.

ముందు ఒక చిన్న లెక్క. చదరపు మీటరు నేల మీద ఒక మిల్లీమీటరు వాన కురిస్తే అది ఒక లీటరు నీరు. తుపాను పట్టినప్పుడు మన విశాఖలో ఒక్కరోజులో పది సెంటీమీటర్ల వాన పెద్ద వింతేమీ కాదు. ఆ లెక్కన ఎకరం నేల మీద నాలుగు లక్షల లీటర్లు పడినట్టు. చెట్లూ తుప్పలూ ఉన్న కొండ అందులో కొంత తాగి, మిగిలింది నింపాదిగా వదులుతుంది. శ్లాబులు, సిమెంటు వీధులు, రేకుల కప్పులు పడింది పడినట్టు కిందికి తోసేస్తాయి. సింహాచలం కొండలకీ, కైలాసగిరికీ, యారాడ కొండకీ నడుమ ఇరుక్కున్న ఊరు మనది. కొండ మీద పడిన చినుకు గెడ్డలోకి, అంటే ఊళ్లో పారే వాగులోకి, చేరడానికి ఎక్కువ సేపు పట్టదు.

వాన అందరి మీదా ఒకటే. ఇల్లు కూలేది మాత్రం కొండవాలులో, నీళ్లు నిలిచేది గెడ్డ ఒడ్డున. చదునైన నేల కొనలేనివాళ్లే ఈ రెండు చోట్లా ఇళ్లు కట్టుకున్నారు. వాతావరణ మార్పుని తట్టుకునే ప్రణాళిక అనగానే బీచ్ రోడ్డు కళ్ల ముందు మెదులుతుంది. నన్నడిగితే ఆ కాగితం మీద మొదటి గీత కొండవాలు మీద పడాలి.

మన కొండలది ఖోండలైట్ రాయి. ఎండకీ వానకీ పైపొర మెత్తబడి ఎర్రమట్టి అవుతుంది. ఇంటి కోసం దాన్ని నిట్టనిలువుగా చెక్కేస్తే, కింది ఆసరా పోయిన మట్టి నీళ్లు తాగి బరువెక్కి జారుతుంది. ఇందులో తప్పు వాన ఒక్కదానిదే కాదు. ఐదుగురున్న ఇంట్లో వంటకీ, స్నానాలకీ, బట్టలకీ రోజుకి రెండు మూడు వందల లీటర్లు వాడతారు. ఆ నీరు కాలువలోకి కాక ఇంటి వెనక మట్టిలోకి పోతుంటే, వానాకాలం రాకముందే వాలు నానిపోయి ఉంటుంది. కారే కుళాయి పైపూ ఈ పనే చేస్తుంది.

రక్షణ గోడ కట్టించాం కదా అంటారు. ఆ గోడ ఎందుకు పడిపోతుందో చూద్దాం. వెనక మట్టిలో చేరిన నీటికి దారి లేకపోతే, మట్టి బరువుకి నీటి ఒత్తిడి కూడా తోడవుతుంది. మందం గోడైనా ముందుకి ఒరగొచ్చు. అందుకే మూడు నాలుగు అంగుళాల గొట్టాలతో వీప్‌హోల్స్, అంటే నీరు బయటికి పోయే రంధ్రాలు, పెట్టాలి. మీటరు, మీటరున్నర దూరానికి ఒకటి చొప్పున, పై వరసకీ కింది వరసకీ ఎడం మార్చి, బయటికి కొంచెం వాలు ఇచ్చి అమర్చాలి. గొట్టం లోపలి కొస చుట్టూ అడుగు మందాన కంకర పోయాలి. కంకర మానేస్తే మొదటి వానకే గొట్టంలోకి బురద చేరుతుంది. అప్పుడిక రంధ్రం ఉన్నా లేనట్టే. గోడకి పైన, వాలు మీద అడ్డంగా ఒక కాలువ ఉండాలి. దానికి సిమెంటు పూత తప్పదు. మట్టి కాలువ అయితే నీళ్లు గోడ వెనక్కే ఇంకుతాయి. అక్కణ్ణించి కిందికి దించే కాలువ మెట్లుమెట్లుగా కట్టాలి, లేకపోతే నీటి వేగానికి అడుగు కోసుకుపోతుంది.

నేల మీద కొత్తగా చీలిక కనిపించినా, స్తంభం ఒరిగినా, నిన్నటి దాకా బాగా మూసుకున్న తలుపు ఇవాళ పట్టేసినా, గోడ అడుగునుంచి బురద నీరు ఊరినా ఆ రాత్రి అక్కడ పడుకోవద్దు. గోడ నిలబడే ఉంది కదా అని ఆగడమే ప్రమాదం.

ఇక గెడ్డలు. ఎర్రిగెడ్డ, గంగులగెడ్డ, హనుమంతవాక గెడ్డ లాంటివే ఊరి నీటిని మోయాలి. ఏటా పూడిక తీస్తారు, కానీ తీసిన మట్టిని ఒడ్డునే పోసి వదిలేస్తే తర్వాతి వాన దాన్ని మళ్లీ లోపలికి లాగేస్తుంది. కొలత చూసి బిల్లు ఇచ్చేటప్పుడు మట్టి ఎక్కడికి వెళ్లిందో కూడా చూడాలి. జూన్‌కి ముందు ఒకసారి తీసి ఊరుకుంటే చాలదు. మనకి పెద్ద తుపాన్లు అక్టోబరు, నవంబరుల్లో వస్తాయి కాబట్టి సెప్టెంబరులో రెండో విడత తప్పదు. సముద్రం పోటు మీదున్నప్పుడు గెడ్డ నోటి దగ్గర నీరు వెనక్కి తన్నుతుంది. అలాంటి రాత్రి పైన గెడ్డ ఎంత వెడల్పున్నా కిందివాళ్లకి ఒరిగేది తక్కువ. పైన నీరు ఇంకే నేలని కాపాడుకోవడమే వాళ్లకి మేలు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ మన ఊరి మీదే తీరం దాటింది. గాలి కొమ్మలూ స్తంభాలూ విరిచేసింది, కరెంటు పోయింది. కరెంటు పోతే పంపులు ఆగిపోతాయి, పంపులు ఆగితే కుళాయిలు ఎండిపోతాయి. మేడ మీద ట్యాంకూ, జనరేటరూ ఉన్న ఇంటికి అది అసౌకర్యం. బూస్టర్ పంపు తిరిగితే తప్ప నీళ్లు ఎక్కని కొండవాలు ఇంటికి అది దాహం. ఆ తర్వాత నగరంలో కొన్నిచోట్ల కరెంటు తీగలు భూమిలోకి వెళ్లాయి, మంచిదే. ఇక ముందు ఏ వీధికి అని అడిగేటప్పుడు, ముందుగా ఏ పంపుహౌసుకి అని అడగాలి.

ఎండ సంగతి క్లుప్తంగా చెబుతాను. తీరంలో 37 డిగ్రీలు దాటి, మామూలు కంటే నాలుగున్నర డిగ్రీలు ఎక్కువైతే వాతావరణ శాఖ వడగాలి అంటుంది. మైదానంలో ఆ హద్దు 40. మన గాలిలో తేమ ఎక్కువ, చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. రేకుల ఇంట్లో రాత్రి కూడా సెగ తగ్గదు. తెల్ల పూత వేస్తే లోపల రెండు నుంచి ఐదు డిగ్రీల దాకా తగ్గుతుంది. శ్లాబుకి సున్నం సరిపోతుంది కానీ వానకి కొట్టుకుపోతుంది, ఏటా మార్చిలోపు మళ్లీ వేయాలి. ఇనప రేకు మీద సున్నం నిలవదు, ఎండ తిప్పికొట్టే తెల్ల రంగు వాడాలి. ఆస్బెస్టాస్ రేకుని పొడిగా గీకకండి, ఆ దుమ్ము ఊపిరితిత్తులకి చేటు. బాగా తడిపి మెత్తటి చీపురుతో తుడవండి. అద్దె ఇంటికి రంగు వేసుకునే డబ్బు అద్దెకున్నవాళ్ల దగ్గరుండదు, ఇంటివాళ్లకి ఆ వేడి తెలియదు. ఈ ఖర్చు నగరపాలక సంస్థ పెట్టుకోవాల్సిందే.

సముద్రం వైపు ఒక్క మాట. బయటి ఓడరేవు అడ్డుగోడల వల్ల దక్షిణం నుంచి వచ్చే ఇసుక ఆగిపోయి, ఉత్తరాన మన బీచ్ కోతకి గురవుతోంది. అందుకే పోర్టు తవ్విన ఇసుకని తీరానికి పోస్తారు. ఒకచోట రాళ్లు పేర్చి గోడ కడితే కోత దాని కొస దాటి పక్కకి పోతుంది. ఆ పక్కన పడవలు లాక్కునే జాగా ఉందేమో ముందే జాలర్లని అడగాలి. వాళ్లని ఊరి చివరికి తరలిస్తే ఇల్లు దక్కినా తెల్లవారుజామున పడవ దగ్గరికి చేరే దారి పోతుంది.

ఇవన్నీ తేలాల్సింది వార్డులో. వాన కురిసేటప్పుడే పటం పట్టుకుని నడవండి, నీరు ఎక్కడ నిలిచిందో ఆ గంటలోనే గుర్తు పెట్టండి, ఎండలో గీసిన పటం అబద్ధం చెబుతుంది. జాబితా తీసేటప్పుడు ఇంటి యజమాని పేరుతో ఆగవద్దు. ఆ ఇంట్లో ఉంటున్నదెవరు, నడవలేనివాళ్లు, డయాలసిస్‌కి వెళ్లేవాళ్లు, నిండు గర్భిణులు ఎవరో రాయాలి. అద్దెకున్నవాళ్లు, పట్టా లేనివాళ్లు సాయం జాబితాలో జారిపోయేది ఇక్కడే. సమావేశం ఉదయం పదకొండింటికి పెడితే కూలికి వెళ్లేవాళ్లు రాలేరు, రాత్రి ఏడు తర్వాత పెట్టండి. తీర్మానమైన పనులు, అంచనా మొత్తం, గడువు తెలుగులో వార్డు కార్యాలయం గోడ మీద ఉండాలి. ఆ అంచనాలో నిర్వహణకి విడిగా సొమ్ము పెట్టారో లేదో, మూడో ఏడు వీప్‌హోల్స్ పూడుకుంటే శుభ్రం చేయాల్సింది ఎవరో ఆ సమావేశంలోనే అడిగి రాయించండి.

నమస్కారం.